ముందు అన్నం, తర్వాతే మాట

బాపట్ల నుంచి గుంటూరు వెళ్లే బస్సెక్కి, ఏడో మైలు దగ్గర దిగి, పొలాల మధ్య నుంచి నడుచుకుంటూ పోతే జిల్లెళ్ళమూడి వస్తుంది. ఆ ఊళ్లో 1958 ఆగస్టు 15న ఒక పొయ్యి వెలిగించారు. అన్నపూర్ణాలయం అని పేరు పెట్టారు. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ఏ కులం అని అడక్కుండా, ఏ పని మీద వచ్చావని అడక్కుండా, పైసా తీసుకోకుండా కడుపు నిండా అన్నం పెట్టడమే దాని పని. ఆ పని ఇప్పటికీ సాగుతూనే ఉంది. బయటివాళ్లకు జిల్లెళ్ళమూడి అంటే అమ్మ, ఆశ్రమం, పూజలు. చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి పెరిగిన మాలాంటివాళ్లకు మాత్రం అది ముందు వంటిల్లు. ఆకలేసిన మనిషి తలొంచుకోకుండా వెళ్లి తిని రాగలిగిన వంటిల్లు.

అమ్మ అంటే అనసూయాదేవి. 1923 మార్చి 28న మన్నవలో పుట్టారు. 1936లో బ్రహ్మాండం నాగేశ్వరరావు గారితో పెళ్లయింది. ఆయన జిల్లెళ్ళమూడి కరణం కావడంతో ఆ ఊరు వచ్చి కాపురం పెట్టారు. పేదింటి కాపురమే. అప్పటికి ఆశ్రమమూ లేదు, భక్తులూ లేరు. అయినా ఊరికి వచ్చిన కొన్నాళ్లకే ఆమె ఇంటింటికీ ఒక మాట చెప్పారట. పూటపూటా అన్నం వండుకునేముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టండి, అలా పోగైనవి ఊళ్లో లేనివాళ్లకు ఆదుకోలుగా ఉంటాయి అని. మా నాయనమ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పేదో! చెప్పిన ప్రతిసారీ, "పిడికెడు తీస్తే మనకేం తక్కువవుతుందే, ఆ పూట గంజి కాస్త పలచనవుతుంది, అంతే" అనేది.

మా ఊరు జిల్లెళ్ళమూడికి నడిచి వెళ్లేంత దూరం. నాయనమ్మ ఆ అలవాటు మా ఇంటికి తెచ్చింది. పొయ్యి పక్కన గూట్లో మూతి విరిగిన చిన్న కుండ ఒకటి ఉండేది. అన్నానికి సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, అందులోంచే గుప్పెడు తీసి ఆ కుండలో వేసేది. గుప్పిటి బిగించి తియ్యకూడదు, చెయ్యి కాస్త వదులుగా పట్టి తియ్యాలి. అది ఆమె నియమం. గుప్పిటి బిగిస్తే నాలుగు గింజలు తక్కువ పడతాయి కదా! ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నప్పుడు తీసినట్టే, డబ్బా అడుగు కనిపిస్తున్నప్పుడూ తీసేది. మా అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, "ఈ నెల మనకే చాలేట్టు లేవు అత్తయ్యా" అందిట. "చాలనప్పుడు తీసిందే లెక్కమ్మా" అని నాయనమ్మ జవాబు. ఆ తర్వాత మా అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తనూ తీసేది.

డెల్టా కదా, పచ్చగా ఉంటుంది కదా, అక్కడ ఆకలేమిటి అనుకుంటారు చూసినవాళ్లు. కాలవ నీళ్లు వచ్చేవి, పంట పండేది, నిజమే. పొలం ఉన్నవాడికి పంట. కూలి మీద బతికేవాడికి ఏడాదిలో రెండే పెద్ద పనులు, నాట్లు, కోతలు. శ్రావణంలో నాట్లు అయిపోతే మళ్లీ కోతలు పడేదాకా కలుపుతీత తప్ప చెప్పుకోదగ్గ పని ఉండేది కాదు. అప్పటికి కిందటేటి గింజలు నిండుకునేవి. నూకలు వండుకునేవాళ్లు, గంజి తాగి పడుకునేవాళ్లు, రాబోయే కోతల కూలి మీద ముందే అప్పు చేసేవాళ్లు. దానికి తోడు కార్తీకం అటూ ఇటూగా తుపాను భయం. పచ్చటి చేల గట్ల మీదే ఖాళీ కడుపుతో నడిచేవాళ్లు ఉండేవాళ్లని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మడం కష్టం. ఆ నెలల్లోనే జిల్లెళ్ళమూడి దారిలో జనం ఎక్కువగా కనిపించేవాళ్లు. ఎవరూ అన్నానికి వెళ్తున్నామని చెప్పేవాళ్లు కాదు. అమ్మ దర్శనానికి అనేవాళ్లు.

మా ఎదురింటి మామ్మ అలాగే వెళ్లేది. ఒక్కతే ఉండేది. కొడుకు ఎక్కడో మిల్లులో పని, అతను పంపే డబ్బు నెల మొదట్లోనే అయిపోయేది. ఒకప్పుడు బాగా బతికిన ఇల్లు. ఆమె ఎవరింటికీ వెళ్లి చెయ్యి చాచే మనిషి కాదు. నాయనమ్మ గిన్నెలో కూర తీసుకెళ్లి ఇస్తే, మర్నాడు అదే గిన్నెలో ఏదో ఒకటి, కనీసం నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి తిరిగి ఇచ్చేది. ఖాళీ గిన్నె ఇవ్వడం ఆమెకు చేతకాదు. అందుకని నాయనమ్మ ఎక్కువసార్లు ఇవ్వడానికి కూడా మొహమాటపడేది. ఇస్తే ఆమె మీద బరువు పెట్టినట్టవుతుందని.

నెలాఖరులో ఒకరోజు పొద్దున్నే మామ్మ ఉతికిన చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని బయల్దేరేది. "ఎక్కడికి వదినా?" అని నాయనమ్మ అడిగేది, తెలిసి కూడా. "అమ్మను చూసి చానాళ్లయింది, చూసొద్దామని" అనేది ఆవిడ. "ఉండు, నేనూ వస్తా" అని నాయనమ్మ నా జబ్బ పట్టుకుని బయల్దేరదీసేది. మా ఇంట్లో ఆ పూట అన్నానికి లోటేమీ ఉండేది కాదు. ఆమె ఒక్కతే వెళ్తే అన్నానికి వెళ్లినట్టుంటుంది, ముగ్గురం వెళ్తే దర్శనానికి వెళ్లినట్టుంటుంది. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పుడు నా ధ్యాసంతా అక్కడ పెట్టే గోంగూర పచ్చడి మీదే.

ఆ వంటిల్లు నా కళ్లకు ఇప్పటికీ కట్టినట్టుంటుంది. మేం చేరేసరికే పొయ్యిలు భగభగమంటూ ఉండేవి. మా వైపు ఇసక నేలల్లో సరుగుడు తోటలు ఎక్కువ కాబట్టి ఆ కట్టెలే. గుండిగలో ఎసరు కాగుతుంటే బియ్యం కడిగిన గంపను ఇద్దరు చెరో పక్క పట్టుకుని తెచ్చి కుమ్మరించేవాళ్లు. నీళ్లు ఒక్కసారి చల్లబడి, మళ్లీ కాసేపటికి కుతకుతమని పైకి లేచేవి. ఒక పెద్దాయన పొడుగాటి తెడ్డుతో అడుగు దాకా కలిపేవాడు. మధ్యలో తెడ్డు మీదికి వచ్చిన మెతుకు ఒకటి తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. ఇంకా పలుకుంటే ఏమీ అనేవాడు కాదు. ఉడికిందనుకుంటే "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ వినగానే గుండిగ చెవుల్లోంచి కర్ర దూర్చి ఇద్దరు మగవాళ్లు పైకెత్తి వార్చేవాళ్లు. గంజి ఒక్క చుక్క నేలపాలయ్యేది కాదు, కొంత తాగేవాళ్లకు, మిగతాది గొడ్ల కుడితిలోకి. వార్చిన అన్నం చాపల మీద గుమ్మరించి పైన తెల్లగుడ్డ కప్పేవాళ్లు. ఆ గుడ్డ అంచు లేపినప్పుడు వచ్చే ఆవిరిలో కొత్త బియ్యం వాసన. ఇన్నేళ్లలో ఎన్ని విందులు తిన్నానో, ఆ వాసన మాత్రం మళ్లీ ఎక్కడా దొరకలేదు.

తర్వాత గంట కొట్టేవాళ్లు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే బంతి సాగేది. పప్పు, ఏదో ఒక కూర, పచ్చడి, చారు, మజ్జిగ. పండగ రోజైతే ఒక తీపి. రోజూ వందల మందికి వండేచోట అంతకన్నా ఏం కావాలి? వడ్డించేవాళ్లది ఒక పద్ధతి ఉండేది. వంగి వడ్డిస్తూ విస్తరి వైపే చూసేవాళ్లు, తినేవాళ్ల మొహం వైపు చూసేవాళ్లు కాదు. ఎవరు ఎంత తింటున్నారో, ఎవరు రెండోసారి పెట్టించుకుంటున్నారో, ఎవరి చొక్కా ఎలా ఉందో వాళ్లకు పట్టేది కాదు. విస్తట్లో చోటు కనిపిస్తే అన్నం పడేది. చాలనుకుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి, నోటితో వద్దంటే వినిపించుకునేవాళ్లు కాదు. మామ్మ చెయ్యి ఆలస్యంగా అడ్డం పెట్టేది. నాయనమ్మ అది చూడనట్టు నాతో ఏదో మాట్లాడుతూ ఉండేది.

అన్నం అయ్యాక మామ్మ ఊరికే కూర్చునేది కాదు. కూరలు తరిగే చోటికి వెళ్లేది. అక్కడున్న ఆడవాళ్లకు ఆమె సంగతి తెలుసో తెలియదో, "ఇలా రా మామ్మా, ఈ గుమ్మడికాయ మా వల్ల కావడం లేదు" అని కత్తిపీట ఆమె వైపు జరిపేవాళ్లు. మామ్మ కాలు మడిచి కత్తిపీట మీద కూర్చుని ఎంత పెద్ద గుమ్మడికాయనైనా చెక్కలు చెక్కలు చేసి పడేసేది. సాయంత్రం ఇంటికి నడిచి వచ్చేటప్పుడు, "రేపటి కూర అంతా నా చేతి మీదే తరిగానే అమ్మాయ్" అని నాతో చెప్పేది. అన్నం తిన్న సంగతి ఎత్తేది కాదు. నాకు తెలిసినంతలో, ఆ వంటిల్లు మామ్మకు పెట్టిన అన్నం ఒక ఎత్తు, ఆమె చేతికిచ్చిన కత్తిపీట ఇంకో ఎత్తు.

అందరూ ఒకే బంతిలో కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మా ఊళ్లో పెళ్లి జరిగినా, చావు జరిగినా బంతులు వేరు. ఎవరు ముందు తినాలో, ఎవరు పెరట్లో తినాలో, ఎవరు అసలు గుమ్మం లోపలికి రాకూడదో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కరణం గారి ఇల్లాలు మొదలుపెట్టిన వంటింట్లో, 1958లో, ఆ లెక్కలేవీ లేకుండా అందరినీ పక్కపక్కన కూర్చోబెట్టడం మాటలు కాదు. దానికి వ్యతిరేకత రాలేదని కాదు. మా పెదనాన్న చాలా ఏళ్లు అక్కడికి వెళ్లినా అన్నం తినకుండా వచ్చేవాడు. ఇంటి దగ్గర తినొచ్చాను అనేవాడు. ఒకసారి వానలో తడిసి, బస్సు దొరక్క, చీకటి పడ్డాక చేరాడు. ఆకలి నకనకలాడుతోంది. కూర్చోబెట్టారు. పక్కన మా పాలేరు కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ తిన్నారు. ఇంటికి వచ్చి పెదనాన్న ఆ విషయం తనే చెప్పాడు, "వాడు నాకంటే శుభ్రంగా తిన్నాడురా, విస్తట్లో మెతుకు వదల్లేదు" అని. ఆ తర్వాత ఆయన తినకుండా రావడం మానేశాడు. పెదనాన్న పూర్తిగా మారిపోయాడని చెప్పను, ఇంట్లో ఆయన పద్ధతులు ఆయనవే. ఆ బంతిలో మాత్రం కూర్చునేవాడు.

అమ్మ అందరినీ నాన్నా అనే పిలిచేవారు. ఎవరు వచ్చినా ముందు అన్నం తిన్నారా లేదా అన్నదే ఆమెకు పట్టింపు. కష్టం చెప్పుకుందామని ఏడుస్తూ వచ్చినవాళ్లను కూడా ముందు భోజనానికి పంపేవారు. అక్కడ మాట ఎప్పుడైనా అన్నం తర్వాతే. అర్ధరాత్రి దిగినవాళ్లకు కూడా ఏదో ఒకటి పెట్టకుండా పడుకోబెట్టేవాళ్లు కాదు. ఇంతమందికి పెట్టిన ఆమె తను మాత్రం ఏళ్ల తరబడి దాదాపు ఏమీ తినలేదు. ఆ సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. నాయనమ్మకు అదొక్కటే బాధగా ఉండేది. "అందరి కడుపులూ నింపే తల్లి ఒక ముద్ద తింటే చూడాలనుంది" అనేది.

1973 ఏప్రిల్‌లో అమ్మకు 50 ఏళ్లు నిండిన పండగ జరిగింది. లక్ష మంది బిడ్డలు ఒకేసారి కూర్చుని అన్నం తింటుంటే చూడాలని ఆమె కోరిక. జిల్లెళ్ళమూడి ఎంత ఊరని! చుట్టూ పొలాలు, ఒక వాగు, సరైన రోడ్డు కూడా లేని చోటు. అయినా లక్ష దాటి వచ్చారు. మా ఊరి నుంచి బళ్లు కట్టుకుని వెళ్లాం. నాకు గుర్తున్నది ఎండ, దుమ్ము, ఎటు చూసినా మనుషులు, బంతి చివర ఎక్కడుందో కనిపించకపోవడం. మా నాన్న అన్నం గంపలు మోసే జట్టులో చేరి ఎటు పోయాడో సాయంత్రం దాకా కనపడలేదు. వచ్చేసరికి చొక్కా భుజం మీద అంతా మెతుకులు, గంజి మరకలు. ఆ చొక్కా మా అమ్మ ఎంత ఉతికినా ఆ మరక పూర్తిగా పోలేదు. నాన్న ఆ చొక్కా పారెయ్యనివ్వలేదు.

లక్ష మంది తిన్న ఆ రోజు గురించి అందరూ చెబుతారు. నాకైతే ఆ మర్నాడు కూడా అక్కడ మామూలుగా గంట కొట్టి అన్నం పెట్టడమే గొప్పగా అనిపిస్తుంది. ఒకరోజు పెద్ద ఎత్తున చేసేవాళ్లు చాలామంది ఉంటారు. పేపర్లో ఫొటో రాని రోజున, ముసురు పట్టి కట్టెలు తడిసిన రోజున, వంటవాళ్లలో ఇద్దరికి జ్వరం వచ్చిన రోజున కూడా పొయ్యి వెలిగించడం వేరు. ఆ వెలిగించినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. పొగలో కళ్లు ఎర్రబడి, చేతుల మీద చురకల మచ్చలతో వాళ్లు ఎన్నేళ్లు ఆ పని చేశారో!

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచేసిన రోజు. మా బాపట్ల వైపు కూడా గాలి చేసిన నష్టం అంతా ఇంతా కాదు. మా ఊళ్లో తాటాకు ఇళ్లు ఒక్కటి నిలవలేదు. మా పెంకుటింటి సగం కప్పు ఎగిరిపోయింది. కోతకొచ్చిన చేలు నీళ్లలో పడుకున్నాయి. మర్నాడు పొద్దున వాన తగ్గింది. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించే వీల్లేదు. కట్టెలు తడిశాయి, అగ్గిపెట్టెలు తడిశాయి, బియ్యం తడిశాయి. గూట్లో ఉన్న మూతి విరిగిన కుండలో బియ్యం మాత్రం పొడిగా ఉన్నాయి, దాని మీద మూత గట్టిది కాబట్టి. వండేదెలా? మా నాన్నా, మరో నలుగురూ పడిపోయిన చెట్ల మీద నుంచి దాటుకుంటూ జిల్లెళ్ళమూడి వైపు వెళ్లారు. మధ్యాహ్నం దాటాక కావిళ్లలో అన్నం తెచ్చారు. పప్పు కూడా కాదు, పచ్చిపులుసు, ఉప్పు. మా వీధి అరుగు మీద పెట్టి అందరికీ పెట్టారు. మామ్మ ఆ రోజు తినడానికి కూర్చోలేదు. గరిటె తీసుకుని వడ్డనకు దిగింది. ఎవరి మొహమూ చూడకుండా విస్తరి వైపే చూస్తూ వడ్డించింది.

ఆ తుపాను తర్వాత రెండేళ్లకు మామ్మ పోయింది. 1985 జూన్ 12న అమ్మ వెళ్లిపోయారు. ఆ వార్త తెలిసి మా నాన్న వెంటనే బయల్దేరి వెళ్లాడు. తిరిగొచ్చి చెప్పిన మొదటి మాట, "అన్నాలు మాత్రం ఆపలేదు" అని. వచ్చినవాళ్లు వచ్చినట్టే తిని, ఏడ్చి, మళ్లీ వడ్డనకు లేచారట. అక్కడి సంస్కృత పాఠశాల, ప్రాచ్య కళాశాల పిల్లలు ఇప్పటికీ ఆ బంతిలోనే తిని చదువుకుంటారు. పల్లెల నుంచి వచ్చిన ఎందరో పేద పిల్లలు ఆ అన్నంతోనే తెలుగు పండితులై బడుల్లో చేరారు. మా హైస్కూల్లో మాకు పద్యాలు చెప్పిన మాస్టారు అలా చదువుకున్నవారే. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకోని పిల్లవాడు కనపడితే ఆయన తన క్యారేజీ సగం చేసేవారు. అదీ అడక్కుండానే.

మా అత్తవారిది కోనసీమ. పెళ్లయిన కొత్తలో అక్కడ డొక్కా సీతమ్మ గారి కథలు విన్నాను. లంకల గన్నవరంలో గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళకాని వేళల్లో వండి పెట్టిన తల్లి. 1909లో పోయారు. మా ఆడపడుచు ఆమె గురించి చెబుతుంటే నాకు మా నాయనమ్మ గొంతు వినిపించినట్టే ఉండేది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఎంత తగిన పేరు! బడి పిల్లలు పళ్లెం పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ పేరు వినడం నాకు చాలా ఇష్టం.

తర్వాత బతుకంతా హైదరాబాదులోనే గడిచింది. ఇక్కడ 2014లో అయిదు రూపాయల భోజనం మొదలైనప్పుడు ఆఫీసుకు వెళ్తూ ఆ బండి దగ్గర క్యూ చూసేదాన్ని. ఆటోవాళ్లు, అడ్డా కూలీలు, పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఆంధ్రాలో 2018లో అన్న క్యాంటీన్లు వచ్చాయి, 2019లో మూతపడ్డాయి, మళ్లీ 2024 ఆగస్టులో తెరిచారు. ఉచితంగా పెట్టొచ్చు కదా, ఆ అయిదు రూపాయలు ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. ఆ అయిదు రూపాయల బిళ్ల చాలామందికి మా మామ్మ కత్తిపీట లాంటిది. దాన్ని బల్ల మీద పెట్టి పళ్లెం తీసుకున్న మనిషి కొనుక్కుని తింటున్నాడు, దానం పట్టడం లేదు. పార్టీలు మారినప్పుడల్లా తెరవడం, మూయడం మాత్రం నాకు మింగుడు పడదు. ఆకలి ఎన్నికల దాకా ఆగుతుందా?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన కొన్ని వారాలకు మేడ్చల్ హైవే మీద నాగపూర్ వైపు జనం నడవడం మొదలైంది. ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వాళ్లు. నెత్తిన మూట, చంకలో పిల్ల, కాళ్లకు తెగిన చెప్పులు. మా అపార్ట్‌మెంట్ వాళ్లం, పక్క కాలనీ వాళ్లం కలిసి సెల్లార్‌లో పొయ్యి పెట్టాం. పెరుగన్నం అయితే ఆ ఎండల్లో మధ్యాహ్నానికే పులిసిపోతుంది, పులిహోర అయితే రాత్రి దాకా నిలుస్తుంది, దారిలో తినొచ్చు. అందుకని మొదట పులిహోర పొట్లాలు కట్టాం. ఉత్తరాది పిల్లలకు ఆ పులుపు ఎక్కలేదు. ఒకమ్మాయి చిన్నగా రొట్టె ఉందా అని అడిగింది. మర్నాటి నుంచి ప్రతి ఫ్లాట్‌లోనూ రాత్రి చపాతీలు చేసి పొద్దున్నే కిందికి పంపేవాళ్లు, ఆలుగడ్డ కూరతో. మా కుర్రాళ్లు మొదటి రోజు పొట్లం ఇస్తూ ఫొటోలు తీశారు. ఒక్కసారి నాకు ఆ విస్తరి వైపు చూసే వడ్డన గుర్తొచ్చింది. "నాన్నా, ఫోన్లు లోపల పెట్టండి, వాళ్ల మొహాలు వాళ్లవి" అన్నాను. పిల్లలు మంచివాళ్లు, వెంటనే జేబులో పెట్టేశారు. మళ్లీ తియ్యలేదు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లయింది తిని, ఇవన్నీ అడగాలని అందరికీ ఉంటుంది. తిన్నాక వాళ్లే చెప్పుకునేవాళ్లు. నీడలో కాసేపు కూర్చుని, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటూ, ఇంటి దగ్గర పిల్లల గురించి చెప్పేవాళ్లు.

లాక్‌డౌన్ అయిపోయింది, మా సెల్లార్ పొయ్యి మాత్రం తియ్యలేదు. దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలో రోగికి భోజనం వస్తుంది, వెంట వచ్చినవాళ్లకు రాదు. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు రోజుల తరబడి చెట్ల కింద, వరండాల్లో పడుకుని ఉంటారు. మందులకు దాచిన డబ్బు తీసి తిండికి ఖర్చుపెట్టలేక టీ, బన్నుతో పూట గడిపేస్తారు. అందుకని ప్రతి ఆదివారం వాళ్ల కోసం వండుతున్నాం. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. ప్రతి ఫ్లాట్‌లో ఒక స్టీలు డబ్బా ఉంది, పూటకో పిడికెడు బియ్యం అందులో పడతాయి. శనివారం సాయంత్రం వాచ్‌మన్ గారి అబ్బాయి డబ్బాలన్నీ తిరిగి పోగు చేస్తాడు. సోనా మసూరీ, రేషన్ బియ్యం, ఎవరి ఊరి నుంచో వచ్చిన కొత్త బియ్యం, అన్నీ కలిసిపోతాయి. ఏ బియ్యానికి ఎంత నీరు పడుతుందో అంతుపట్టదు కాబట్టి వార్చడమే దారి. వార్చడం తెలిసినవాళ్లు మా కాలనీలో ముగ్గురే ఉండేవాళ్లం. ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకున్నారు, ఒకడైతే మెతుకు నలిపి చూసి అచ్చం ఆ పెద్దాయన లాగే "ఊఁ" అంటాడు, ఆయన్ని వాడెప్పుడూ చూసి ఉండడు.

వచ్చే చైత్ర శుద్ధ ఏకాదశికి, అమ్మ పుట్టిన తిథికి, ఆ పిల్లలందరినీ తీసుకుని జిల్లెళ్ళమూడి వెళ్లాలని అనుకున్నాం. వ్యాన్ మాట్లాడాం. చూడటానికి కాదు, పని చెయ్యడానికే వెళ్తున్నామని ముందే చెప్పాను. ఈలోగా ఆదివారాలు ఎప్పటిలాగే. మా కాలనీ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కూరలు తరగడానికి మనుషులు చాలడం లేదు, పొద్దున ఆరింటికల్లా సెల్లార్‌కు రండి. ఈసారి గుమ్మడికాయ పులుసు పెడుతున్నాం. కత్తిపీట ఉన్నవాళ్లు తెచ్చుకోండి, చాకుతో అది తెగదు.